ఊరిపేరు – ఇంటిపేరు : తురుష్కదేశమును చూచి తెలిసికొనవలసినది

 

మనుష్యునకు ఇంటిపేరు ఉండుట అందఱెఱిగినదే. ఊరికిని ఇంటిపేరుండునా యని యెవరైన నడిగినచో, ఉండునని జెప్పవలసినది మన గ్రామస్థులే. ఎన్‌.టి.ఆర్‌. జిల్లాయందు కొండూరను పేరుగల మండల కేంద్రములు రెండు గలవు. ఒకటి ఎ.కొండూరు, రెండవది మైలవరము చెంతనున్న జి.కొండూరు. ఒకే పేరుగల యిద్దఱు బాలురు ఒకే తరగతిలో నున్నయెడల ఉపాధ్యాయుడు హాజరుపట్టీలో ఇంటిపేరులోని మొదటి యక్షరమును ముందుంచి వారిని వేఱుపఱచునట్లే, ఈ రెండు గ్రామములను కాగితములలో అక్షరములు వేఱుపఱచుచున్నవి. అక్షరమొక్కటే నిలిచి, దానివెనుకనున్న మాట మరుగునబడుట అన్ని చోట్లను జరుగుచున్న పనియే. పేరులను గూర్చి ఈ రజతోత్సవ సభలో నాలుగు మాటలు చెప్పుట ఇందుకే అవసరమైనది.

మొదట ఊరిపేరును చూతము. కొండ, ఊరు అను రెండు మాటలు అత్వసంధిచే కలిసి కొండూరైనది. ఇందు పండితుడు కష్టపడవలసిన దేమియు లేదు. మన చుట్టుపట్ల ఊళ్ళన్నియు నిట్లే తమ కథను తామే చెప్పుకొనుచున్నవి. రెడ్డిగూడెము, గంపలగూడెములలో గూడెమున్నది. విస్సన్నపేటలో ఒక మనుష్యుని పేరును, పేటయు నున్నవి. నూజివీటిలోని ‘వీడు’ అనగా పట్టణమనియు, విడిదియనియు ప్రాచీన కావ్యములు చదివినవారికి దెలియును. తిరువూరిలో ఊరు స్పష్టముగా నున్నది. నేలను చూచి పెట్టిన పేరు, నెలకొల్పినవారిని తలచి పెట్టిన పేరు, నివాసముయొక్క రీతిని చెప్పు పేరు అని ఊరిపేర్లలో ఎక్కువభాగము ఈ మూడు తెగలలో నిముడును.

ఈ ఊరిపేర్లే మన ఇంటిపేర్లకు గని. వ్యాకరణమున ఔపవిభక్తికములని ఇ, టి, తి అను వర్ణకములు చెప్పబడినవి. ఊరు ‘ఊరి’ యగును. ఇల్లు ‘ఇంటి’ యగును. చేయి ‘చేతి’ యగును. కాటూరినుండి వచ్చినవారు కాటూరివారైరి. కందుకూరినుండి వచ్చినవారు కందుకూరివారైరి. రాయపాటి, చిలకపాటి మున్నగువానిలో వినబడు ‘పాటి’ ఊరిపేర్లలోని ‘పాడు’ తప్ప వేఱుగాదు. వీరేశలింగము పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. ఆయన పూర్వులు విడిచివచ్చిన కందుకూరు మాత్రము ఆయన పేరునకు ముందే నడచినది. అనగా ఇంటిపేరొక చిన్న ప్రయాణ చరిత్రము. వదలిన ఊరిని మఱవకుండ వంశము తన నొసట వ్రాసికొన్న వ్రాత అది. మఱియొక విశేషము. ఒకే ఇంటిపేరు పలు కులములలో కనబడును. కులములు వేఱైనను బయలుదేఱిన ఊరొక్కటే యని ఆ పేరు సాక్ష్యమిచ్చుచున్నది. ఇట్టి సాక్ష్యమును ఏ శాసనము నింత సులభముగ నీయజాలదు.

ఇట్లు మనకు ఎవరును ఆజ్ఞాపింపకయే తరతరములుగా పుట్టి పెరిగిన ఇంటిపేరు, ఒక దేశమున చట్టముచే నొక్కసారిగా పుట్టినది. అది తురుష్కదేశము. 1934 జూన్‌ 21వ తేదీని అచ్చటి శాసనసభ ఇంటిపేర్ల చట్టమును ఆమోదించినది. 1935 జనవరి 2 నుండి అది అమలులోనికి వచ్చినది. అంతకుముందు సామాన్యజనులు తండ్రి పేరుచేతనో, వృత్తిచేతనో, పుట్టిన యూరిచేతనో, బిరుదుచేతనో గుర్తింపబడుచుండిరి. చట్టము వచ్చినపిమ్మట ప్రతి కుటుంబమును రెండేండ్లలోపల ఒక ఇంటిపేరును ఎన్నుకొని వ్రాయించుకొనవలసివచ్చినది. దేశాధ్యక్షుడైన ముస్తఫా కెమాలునకు 1934 నవంబరులో శాసనసభయే ‘అతాతుర్క్‌’ అను పేరు నొసగినది. తురుష్కులకు తండ్రి యని దాని భావము. ప్రధానమంత్రి ఇస్మెత్‌ ‘ఇనొను’ అను ఇంటిపేరును బొందెను. 1921లో ఆయన సేనలు పోరాడిన స్థలముపేరది. ఊరిపేరే ఇంటిపేరగుట అచ్చటను దప్పలేదన్నమాట.

వారు ఇంటిపేరును ‘సొయాద్‌’ అందురు. ‘సొయ్‌’ అనగా వంశము. ‘అద్‌’ అనగా పేరు. వారు వంశమును తలచిరి. మనము ఇంటిని తలచితిమి. వారి పేరులో ఇంటిపేరు చివర నుండును. మన పేరులో మొదట నుండును. కాని పేరులు పుట్టు త్రోవలు చాలవఱకు నొక్కటియే. ‘దెమిర్‌’ అనగా ఇనుము; ‘దెమిర్‌జి’ అనగా కమ్మరి. ఇది అచ్చట పెక్కుమందికి ఇంటిపేరు. మనకును ‘కమ్మరి’ ఇంటిపేరుగా నున్నది. ‘ఒగ్లు’ అనునది చివరనున్న పేరులు ఫలానివాని కుమారుడని చెప్పును. ‘కోన్యాలి’ అనగా కోన్యా పట్టణపువాడు. మన ‘కాటూరివారు’ అను మాటకు ఇది సరిగా తోబుట్టువు.

ఊరిపేర్ల సామ్యము ఇంకను సొగసైనది. తురుష్కభాషలో ‘కరా’ అనగా నలుపు. ‘దాగ్‌’ అనగా కొండ. కరదాగ్‌ అను పేరుగల కొండలు ఆ దేశమున నున్నవి. మనకు నల్లగొండ యున్నది. ‘ఎస్కి’ పాత, ‘షెహిర్‌’ పట్టణము. ఎస్కిషెహిర్‌ అచ్చటి పెద్దనగరములలో నొకటి. మన శ్రీకాకుళము జిల్లాలోని పాతపట్నము దానికి మాటకు మాటగా సరిపోవుచున్నది. ‘యెనిషెహిర్‌’ అనినచో కొత్తపట్నము. అది ప్రకాశము జిల్లాలో సముద్రతీరమున నున్నది. ‘కిజిలిర్‌మాక్‌’ అనగా ఎఱ్ఱయేరు. పూర్తిగా ఆ దేశములోనే పాఱు నదులలో అదియే పొడవైనది. రెండు దేశముల పల్లెవాండ్రును ఒకరినొకరు ఎఱుగకయే, మట్టిరంగును, నీటిరంగును, ఊరి వయస్సును చూచి ఒకే తీరున పేరులు పెట్టుకొనిరి. నేలతో బ్రతుకువానికి నేలయే నిఘంటువు.

భాషయొక్క కట్టడియందును కొంత పోలిక యున్నది. తురుష్కమున ‘ఎవ్‌’ ఇల్లు; ‘ఎవ్‌లెర్‌’ ఇండ్లు; ‘ఎవ్‌లెర్‌దె’ ఇండ్లలో. మాటకు వెనుక ప్రత్యయముమీద ప్రత్యయము చేరుచు పోవును. క్రియ వాక్యముచివరకు వచ్చును. అంతకన్న చిత్రమేమన, ముందున్న అచ్చునుబట్టి ప్రత్యయములోని అచ్చు మాఱును. ‘ఎవ్‌’ అనుదానికి బహువచనము ‘లెర్‌’. గుఱ్ఱమను నర్థముగల ‘అత్‌’ అనుదానికి ‘లర్‌’. మన భాషలో హరికి, గురువుకు. కవిని, గురువును అని కి-కులును, ని-నులును మాఱుట ఇట్టిదే. 1856లో ద్రావిడభాషల వ్యాకరణమును ప్రకటించిన కాల్డ్వెల్‌ దొరగారు ఇట్టి పోలికలను చూచి, తురుష్కాది భాషలతో మన భాషలకు చుట్టఱికము కలదని తలచిరి. నేటి భాషాశాస్త్రజ్ఞులు ఆ చుట్టఱికమును స్థిరపడినదిగా నంగీకరింపరు. ఇద్దఱి నడక యొకటైనంతమాత్రమున వారు అన్నదమ్ములు కానక్కఱలేదు గదా!

చుట్టఱికము లేకున్నను రాకపోకలు మాత్రము గలవు. 1518 మొదలు 1687 వఱకు గోలకొండ నేలిన కుతుబ్‌షాహీ వంశమునకు మూలపురుషుడైన సుల్తాన్‌ కులీ, పారసీకదేశపు హమదాను ప్రాంతమునుండి వచ్చిన తుర్కొమాను. ఆయన పేరులోని ‘కులీ’ తురుష్కపదము. దాసుడని దాని యర్థము. అదే వంశపు కడపటి ప్రభువు కాలమున భద్రాద్రి దేవాలయమును కట్టించిన కంచర్ల గోపన్న రామదాసై వెలసెను. ఏలినవాని పూర్వుల పేరు దాసుడు, ఏలుబడిలోనివాని పేరు దాసుడు! భాషలు వేఱైనను భక్తుని వినయ మొక్కటే.

ఆ కొలువుల రాజభాష పారసీకము. దానిగుండ తురుష్కపదములు కొన్ని తెలుగింట జొచ్చి, తెలుగుబిడ్డలై పెరిగినవి. తుపాకి యట్టిది. అది ‘తుపాకుల’ యను తెలుగు ఇంటిపేరునకును, గోదావరి తీరమున తుపాకులగూడెమను ఊరిపేరునకును నెక్కినది. ఫిరంగియను నర్థమున వాడు ‘తోపు’ వారి ‘తొప్‌’. ఇస్తాంబులు నగరమున తొప్‌కపి యను రాజసౌధ మున్నది; తోపు వాకిలియని యర్థము. మన హైదరాబాదున తోప్‌ కా సాంచా యున్నది. మామిడితోపు మాత్రము మన సొంత మాట. ఆ తోపునకు ఈ తోపునకు సంబంధము లేదు. ఖజానాకు ‘చి’ యను తురుష్కప్రత్యయము చేరి ఖజాంచి యైనది; దెమిర్‌జి యందలి ‘జి’ యును ఆ ప్రత్యయమే. కుమ్మక్కు అనగా మొదట సాయమని యర్థము. తెలుగువారి నోట నది చాటుమాటుగా చేతులు కలుపుటయైనది. సైన్యమను నర్థముగల ‘ఒర్దు’ నుండి ఉర్దూ యను పేరు గలిగినది. బేగం అను తురుష్క గౌరవపదమునకు మన ‘పేట’ చేరి బేగంపేట యైనది.

వీనియన్నింటిలో చెకుముకి కథ వినదగినది. అగ్గిపుల్ల రాకముందు ప్రతి యింటను నిప్పు పుట్టించిన చెకుముకిరాయి పేరు తురుష్కుల ‘చక్మక్‌’ నుండి వచ్చినది. కొట్టి నిప్పు రాల్చుట యని దాని భావము. 1944 వఱకు తురుష్క సైన్యమునకు ప్రధానాధికారిగా నుండిన ఫెవ్జీగారి ఇంటిపేరు చక్మక్‌. మన యవ్వయొడిలోని రాయియు, ఆ సేనాధిపతి ఇంటిపేరును ఒక్కమాటయే! నేడు తెలుగు బాలల విజ్ఞానపత్రిక యొకటి చెకుముకి యను పేరుననే వెలువడుచున్నది. దానిని పరాయిమాట యని యెవ్వరును తలపరు.

పరాయిమాట వచ్చినంతమాత్రమున భాష చెడునా యని సందేహించువారికి పొన్నికంటి తెలగనార్యుని తలచికొనుట చాలును. సంస్కృతపదములు లేక అచ్చతెలుగున వెలసిన తొలి కావ్యము ఆయన యయాతి చరిత్రము. దానిని అంకితముగొన్నవాడు పటానుచెరువు నేలిన అమీను ఖాను. ‘ఖాను’ అను బిరుదము మధ్యాసియా తురుష్కులనుండి వచ్చినది. మల్కిభరాముడని తెలుగు కవులు పిలుచుకొన్న ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున నిది జరిగినది. అచ్చతెలుగునకు ఆదరువైనవాడు తురుష్కపు బిరుదు ధరించినవాడు. ఇంతకన్న నిదర్శనమేల? మాటలు చేరుటవలన భాషకు నష్టము లేదు. ఉన్న మాటల యర్థమును మఱచుటవలననే నష్టము.

మఱపు ఎట్లు వచ్చునో తురుష్కదేశమే చూపుచున్నది. 1928 నవంబరు 1న ఆ దేశము అరబీ లిపిని విడిచి లాటిను లిపిని చట్టముచే గైకొన్నది. 1929 జనవరినుండి పుస్తకములన్నియు కొత్తలిపిలోనే అచ్చుపడవలసివచ్చినది. ఆనాడు చదువురానివారే మిక్కుటము. కొత్తలిపి వారికి సులభమైనది. పెద్దలకై ప్రజాపాఠశాలలు తెఱవబడినవి. ఈ మేలును గాదనరాదు. 1932లో స్థాపింపబడిన భాషాసంఘము అరబీ పారసీక పదములను తొలగించి, వానికి మాఱుగా పల్లెలనుండియు, పాతగ్రంథములనుండియు మాటలను సేకరించెను. పల్లెవాని నోటిమాటకు అంతటి గౌరవము దక్కుట మెచ్చదగినదే. మన దేశమున ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల నోటిమాటలను గూర్చి 1962లో వెలువరించిన వ్యవసాయ వృత్తిపదకోశము అట్టి గౌరవమునకు మఱియొక రూపము.

కాని రెండవ ప్రక్కను గూడ చూడవలెను. అతాతుర్క్‌ 1927 అక్టోబరులో ఆఱు దినములపాటు, ముప్పదియాఱు గంటలు, ఒక మహోపన్యాసము చేసెను. దేశచరిత్రలో నది ప్రసిద్ధము. తరము గడచునప్పటికి ఆ దేశపు బాలురకే ఆ భాష తెలియకపోయెను. జాతిపిత మాటలను ఆ జాతి భాషలోనికే మరల మార్చి వ్రాయవలసివచ్చెను! తాత వ్రాసిన యుత్తరము ఇంట నున్నది. మనుమనికి చదువు వచ్చును. ఐనను ఉత్తరమును చదువలేడు. అంతేకాదు, ఇరువదవ శతాబ్దమున ఆ దేశపు ప్రభుత్వము పన్నెండువేలకు పైగా గ్రామముల పేర్లను మార్చినది. ఆర్మీనియను, గ్రీకు, కుర్దు భాషల పేరులు చాలవఱకు పోయినవి. ఊరు ఉన్నచోటనే యున్నది. దాని సాక్ష్యము మాత్రము దస్త్రములనుండి తొలగినది.

మనకు అట్టి చట్టము రాలేదు. మన లిపి మనకున్నది. తెలుగు భాషను ప్రజలకు దగ్గఱ జేయవలెనని గిడుగు రామమూర్తి పంతులుగారు చేసిన యుద్యమము వాదములతో నడచినది; లిపిని గాని పాతపుస్తకములను గాని తోసివేయలేదు. వేయేండ్ల నాటి నన్నయ పద్యమును నేటి అచ్చుపుస్తకమున నైదవ తరగతి బాలుడు అర్థము కాకున్నను అక్షరము తప్పక చదువగలడు. ఇది చిన్న భాగ్యము కాదు.

ఐనను చట్టము చేయని పనిని అశ్రద్ధ చేయుచున్నది. ఇంటిపేరు ఒక ఆంగ్లాక్షరమైనది. ఆ యక్షరము దేనికి గుఱుతో పిల్లలకు చెప్పువారు తగ్గుచున్నారు. పైదేశములకు పోయిన మనవారి పత్రములలో ఇంటిపేరు చివరకు జరుగుచున్నది. కొందఱి విషయమున ఇంటిపేరుతోనే వారిని పిలుచుచున్నారు. పొలముల పేరుల స్థితి ఇంకను చింతనీయము. మర్రిచేను, దిబ్బచేను, చెఱువుక్రింది మడి అను పేరులతో రైతులు తమ భూములను పిలుచుకొనెడివారు. సర్వే నంబరు దస్త్రములోనిది, చేనిపేరు నోటిలోనిది. ఏ చేను ఏ పేరుగలదో తరతరముల వాడుకచే నెఱిగియుండిన గ్రామకరణముల పదవి 1984లో రద్దయినది. దాని మంచిచెడ్డలు విచారించుట కిది వేదిక కాదు. దస్త్రములు కచేరీలకు చేరినవి, నంబర్లు యంత్రములకెక్కినవి, నోటిలోనున్న పేరులకు మాత్రము వారసుడు లేకపోయెను. మర్రి కొట్టివేయబడిన చోట, మర్రిచేను అను పేరొక్కటే ఆ చెట్టునకు జ్ఞాపకము. ఆ పేరును పోగొట్టుకొన్నచో చెట్టును రెండుమాఱులు నఱికినట్లగును.

ఆ వారసత్వమును వహింపదగినది గ్రంథాలయమే. గ్రంథాలయమన నచ్చుపుస్తకములు దాచుచోటు మాత్రమేనా? ఊరివారి నోటనున్న పుస్తకమును వ్రాసికొనుచోటు గూడ గావలెను. అందులకు ధనము వలదు. గట్టి అట్టగల పెద్దపద్దు పుస్తక మొక్కటి చాలును. గీతలు గీచి ఆఱు పట్టీలుగా విభజింపవలెను. మొదటి పట్టీలో ఇంటిపేరు పూర్తిగా. రెండవదానిలో ఆ వంశము వచ్చిన ఊరు. మూడవదానిలో ఇంటికి కోడండ్రై వచ్చిన స్త్రీల పుట్టినింటిపేర్లు. నాలుగవదానిలో పొలముల, కుంటల, దిబ్బల, బాటల పేర్లు. అయిదవదానిలో ఆ పేరునకు పెద్దలు చెప్పు కథ. ఆఱవదానిలో చెప్పినవారి పేరును, తేదియు వ్రాయవలెను. కథ నిజమో కల్పితమో అప్పుడే తేల్పనక్కఱలేదు. విన్నది విన్నట్లు వ్రాయుట మొదటి ధర్మము. తూచి చూచుట తరువాతివారి పని. మూడవ పట్టీని ఎవరును విడువరాదు. ఒక ఊరికి ఏయే ఊళ్ళతో వియ్యమున్నదో తెలుపునది ఆడపడుచుల పుట్టినింటిపేరే. ఇంటిపేరు మాఱినంతమాత్రమున ఆమె వచ్చిన త్రోవ మాఱదు గదా!

ఈ పనికి సెలవులలో బాలబాలికలను నియోగింపవచ్చును. ఒక్కొక్కరు ఒక్కొక్క వృద్ధుని యొద్దకు, వృద్ధురాలి యొద్దకు పోయి పది పేరులు వ్రాసికొనివచ్చినను సంవత్సరము తిరుగునాటికి పద్దుపుస్తకము నిండును. పేరు చెప్పగలవారు ఏటేట తగ్గుచుండుటచే, ఈ పనిని మఱియొక ఉత్సవము వఱకు ఆపుట తగదు.

చట్టము పేరును ఈయగలదు. చట్టము పేరును తీయగలదు. పేరునకు అర్థము నిలుపుట మాత్రము చట్టమువలన గాదు. అది చెప్పువారివలనను, వినువారివలనను, వ్రాసి దాచువారివలనను గావలసినది. తురుష్కులు రెండేండ్లలో ఇంటిపేర్లను వ్రాయించుకొనిరి. మన పెద్దలు వందలయేండ్లు వానిని మోసికొని వచ్చిరి. ఈ గ్రంథాలయపు ఇరువదియైదవ యేటి పద్దులో మొదటి వరుసగా మన యూరిపేరు, దానిముందున్న ఒంటి యక్షరముయొక్క పూర్తి మాటతో, ఊరి పెద్దల నోటినుండి విని వ్రాయబడుగాక! తరువాతి వరుసలు ఊరివారివి.